మొహమాటానికి గడి లేదు

మా ఆడపడుచుకు ఆకలేస్తే ఆ సంగతి మనమే కనిపెట్టాలి. తను చచ్చినా చెప్పదు. నేను కాపురానికొచ్చిన కొత్తలో "ఇంకో అట్టు వెయ్యనా?" అని అడిగితే "వద్దు వదినా" అంది కదా అని పెనం దించేశాను. రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. ఎందుకో మా ఆయన విడమరిచి చెప్పేదాకా నాకు తెలియలేదు.

అలాంటి పిల్లని విమానం ఎక్కించి దేశం కాని దేశం పంపించాం. అక్కడ ఒక విశ్వవిద్యాలయంలో తెలుగు నేర్పుతారు. వ్యాకరణం, రాత పెద్ద మాస్టారు చూసుకుంటాడు. ఆయన ఆ దేశంవాడే. తెలుగు పుస్తకాల్లోంచి నేర్చుకున్నాడేమో, మాట్లాడితే కోర్టు నోటీసు చదివినట్టుంటుంది. ఆయన పాఠం అయ్యాక విద్యార్థుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించడం, వాళ్ళ నోట్సులు దిద్దడం మా పిల్ల పని. ఒప్పందం ఏడాదికి. ఇష్టమైతే ఇంకో ఏడాది.

అద్దెకు దొరికింది ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గది. కిటికీ రెక్క సరిగ్గా పడదు. మొదటిరోజే ఇంటావిడ "ఇంకో దుప్పటి ఇవ్వనా?" అని అడిగింది. "వద్దండీ, ఫర్వాలేదు" అంది మా మహాతల్లి. ఆవిడ సరేనని కిందికి దిగిపోయింది. ఇక వారం రోజులు స్వెట్టరు మీద కోటు, కోటు మీద రెండు చీరలు కప్పుకుని పడుకుంది.

"మళ్ళీ అడగనే లేదు వదినా, రాతిగుండె మనిషి" అని ముక్కు ఎగబీలుస్తూ నాకు ఫోన్లో పితూరీ.

"ఆవిడది రాతిగుండె కాదు, నీది మట్టిబుర్ర" అన్నాను.

క్లాసులో మాత్రం ఈ పిల్లే పులి. మన మర్యాదలు నేర్పుతానని ఒకరోజు చిన్న నాటకం ఆడించింది. తను ఇంటి ఇల్లాలు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి, విద్యార్థుల్లో ఒకావిడ, రిటైరైన నర్సు. ఆ నర్సు అల్లుడు తెలుగువాడు. వియ్యపురాలితో నాలుగు మాటలు మాట్లాడాలని ఈ వయసులో పలక పట్టింది.

"కాఫీ తీసుకుంటారా?"

"ఇవ్వండి" అని నర్సు చెయ్యి చాపింది.

"అలా వెంటనే ఇవ్వండి అనకూడదండీ. ముందు వద్దనాలి. నేను మళ్ళీ అడుగుతాను. మళ్ళీ వద్దనాలి. మూడోసారికి 'సరే, కొంచెం' అనాలి."

"నాకు నిజంగా తాగాలని ఉంటే?"

"ఉన్నా సరే."

"నిజంగానే వద్దనుకుంటే?"

"అప్పుడు కూడా కొంచెం తాగాలండీ."

వెనక బెంచీలో కూర్చుని పెద్ద మాస్టారు ఇదంతా బుద్ధిగా రాసుకున్నాడు.

ఎనిమిదో నెలకల్లా కాస్త కుదురుకుంది. సొంతంగా దుప్పటి కొనుక్కుంది, ఏ బస్సు ఎటు పోతుందో తెలిసింది, కూరగాయల కొట్టతను చూడగానే పలకరిస్తున్నాడు. ఒకరోజు ఫోన్ చేసి ఏడ్చింది. నేను హడలిపోయాను. తీరా చూస్తే, నర్సు వియ్యపురాలితో పావుగంటసేపు తెలుగులోనే మాట్లాడిందట. "అన్నీ నేను నేర్పిన మాటలే వదినా" అంటూ ఒకటే వెక్కిళ్ళు. ఆ ఉద్యోగమంటే దానికెంత ప్రాణమో నాకు ఆరోజు అర్థమైంది.

తర్వాతి వారమే పెద్ద మాస్టారు ఆఫీసు ఫారం పట్టుకొచ్చాడు.

"వచ్చే సంవత్సరము కూడా కొనసాగుటకు మీకు సమ్మతమేనా?"

"అబ్బే, నాకెందుకండీ! నాకంటే బాగా చెప్పేవాళ్ళు బోలెడుమంది."

ఆయన ఫారంలో ఉన్న గడిలో ఏదో రాసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద కాగితం వేలాడింది, ఈ ఉద్యోగానికి కొత్త మనిషి కావాలని.

"మళ్ళీ అడుగుతాడనుకున్నాను వదినా" అంది ఫోన్లో.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ముందు వెళ్ళి నాకు కావాలని చెప్పు. చెప్పేదాకా నాకు ఫోన్ చెయ్యకు" అని పెట్టేశాను.

వెళ్ళింది. "ఆరోజు క్లాసులో మీరు రాసుకున్నారు కదండీ, మావాళ్ళు మొదట వద్దంటారని..." అని నసిగింది.

మాస్టారు పాపం తెల్లబోయాడు. "వ్రాసుకొన్నాను. అయితే ఫారములో ఒక్క గడి మాత్రమే ఉన్నది."

ఆ ఫారం అప్పటికే పైకి వెళ్ళిపోయింది. ఇక అందరిలాగే దరఖాస్తు పెట్టుకుని ఇంటర్వ్యూకి రావాల్సిందే అన్నాడు. పోటీకి ఇంకో నలుగురున్నారు.

బల్లకి అవతల ముగ్గురు కూర్చుని, ఈ ఉద్యోగం మీకెందుకు ఇవ్వాలి అని అడిగారట. "అబ్బే" అనే మాట నోటిదాకా వచ్చిందట. దాన్ని మింగేసి, "నాకు కావాలి. ఈ పనంటే నాకిష్టం. నేను బాగా చేస్తాను" అంది. అన్నాక సిగ్గుతో తల ఎత్తలేకపోయిందట.

నాలుగో రోజున ఫోన్. ఉద్యోగం దానికే వచ్చింది! నేను వీధి చివరిదాకా వినపడేలా అరిచాను. అరుపులన్నీ అయ్యాక అడిగింది.

"ఇంకో ఏడాది నేను రాకపోతే నీకేం ఇబ్బంది లేదుగా వదినా?"

"నాకేం? నిక్షేపంలా ఉంటాను."

"అయితే సరే వదినా" అని పెట్టేసింది. మాటవరసకైనా రెట్టించి అడగలేదు.

అందరి చేతా నోరుగల మనిషిననిపించుకున్నదాన్ని, ఫోన్ పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాను. ఇంతమంది ఉన్న ఇంట్లో నాతో కూర్చుని పగలబడి నవ్వేది అదొక్కతే. పది నెలలుగా ఆ ముక్క ఎవరితోనూ అనలేదు, దానితో అసలే అనలేదు.

మళ్ళీ నేనే ఫోన్ చేశాను. "ఇందాక అబద్ధం చెప్పానే. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నాకేమీ తోచడం లేదు. అయినా అక్కడే ఉండు, వచ్చెయ్యకు."