ఉపదేశి లింబయ్య చెప్పిన సగం మాట

నిజామాబాదులోని చిన్న పెంకుల కతోలిక గుడికి లింబయ్య ఉపదేశి. జ్ఞానస్నానంలో రాయప్ప అని పేరు పెట్టారు గానీ, ధర్పల్లి నుంచి వచ్చిన తల్లి మొదలు వాడకట్టు అందరికీ అతను లింబయ్యే. పిల్లలకు జపాలు నేర్పడం, పూజకు గంట కొట్టడం, గురువుగారి వెంట రోగుల ఇళ్లకు పోవడం అతని పని. ఆ గురువు, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇన్నాసిస్వామి అంటే అతనికి ప్రాణం. కలరా వచ్చిన ఏడు, సొంతవాళ్లే గడప తొక్కనప్పుడు, స్వామి లింబయ్య కూతురి పక్కన కూర్చుని చెంచాతో గంజి తాగించాడు. పిల్ల బతికింది.

బోధన్‌లో చక్కెర కర్మాగారం వచ్చాక, కూలీల కోసం స్వామి అక్కడ కూడా పూజ చెయ్యసాగాడు. చెరుకు తోటల పక్కన ఒక రేకుల కొట్టమే గుడి. ఒకసారి పూజకు కావలసిన ద్రాక్షారసం సీసా స్వామి మరిచిపోయి వెళ్తే, లింబయ్య దాన్ని పట్టుకుని బండెక్కాడు. కొట్టంలో స్వామి లేడు. వెనకనే గంగుబాయి ఇల్లు. కర్మాగారం కడుతున్నప్పుడు ఆమె మొగుడు పైనుంచి పడి చనిపోయాడు. కూలీలకు జొన్నరొట్టెలు చేసి అమ్ముకుంటూ బతుకుతోంది.

తలుపు తీసే ఉంది. స్వామి అంగీ లేకుండా చాప మీద కూర్చున్నాడు. గంగుబాయి అతని తలకు నూనె అంటుతోంది. "జర తల వంచు" అని ఆమె మొగుడితో అన్నట్టు అంది. స్వామి వంచాడు.

లింబయ్య సీసా గడపలో పెట్టి చప్పుడు కాకుండా వచ్చేశాడు.

పెండ్లి జోలికి పోనని దేవుని ముందు ఒట్టు పెట్టుకున్న మనిషి. పైవాళ్లకు చెబితే పిల్లను బతికించినవాడికి ద్రోహం, చెప్పకపోతే దేవునికి. మరి ఆయన ఇన్నాళ్లూ జనానికి జరిపించిన పెండ్లిళ్లు చెల్లుతాయా? భార్య వసంతమ్మకు చెబితే, ఆమె బియ్యం చెరుగుతూ, "నూనె వెడితే పాపమా? అంతకన్న ఏం జూసినవ్?" అంది. చూసింది అంతే. తెలిసింది మాత్రం అంతే కాదు.

మనసులోది కక్కుకోవడానికి, తెర చాటున గురువుకు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం ఒకటుంది. కానీ అది వినే గురువు ఆ చుట్టుపక్కల ఇన్నాసిస్వామి ఒక్కడే. పండుగ ముందు లింబయ్య ఆయన దగ్గరే, తెరకు ఇవతల మోకరించాడు.

"సామీ, నేనొకటి సూసిన. పెద్దసామికి జెప్తే పాపమో, జెప్పకుంటే పాపమో తెలుస్తలేదు."

తెర అవతల స్వామి జపమాల పక్కన పెట్టిన చప్పుడైంది.

"చెప్పు లింబయ్యా," అన్నాడు స్వామి. "నాకు నోరు రావడం లేదు. నువ్వైనా చెప్పు."

దాంతో లింబయ్య మరీ అయోమయంలో పడ్డాడు. అది గురువు ఆజ్ఞా, అలసిపోయిన మనిషి మాటా? తేల్చుకోలేక మళ్లీ బోధన్ పోయి, పెద్దసామికి చెప్పాలా వద్దా అని గంగుబాయినే అడిగాడు. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

"నన్నెవ్వలు బలవంతం జెయ్యలే అన్నా. ఆయన పోతే నాకేం మిగుల్తదో, గది గూడ జెప్పు మీ పెద్దసామికి."

వానల ముందు, గురువులందరికీ పెద్ద అయిన మేత్రాణులవారు హైదరాబాదు నుంచి వచ్చారు. పూజ అయ్యాక లింబయ్యను పక్కకు పిలిచి, మీ స్వామి చిక్కిపోయాడేమని అడిగారు. లింబయ్య రాత్రంతా కూర్చుకున్న మాటలు ఎటో పోయాయి.

"సామి ఒక్కడే ఉండలేకపోతుండు" అన్నాడు. గంగుబాయి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మేత్రాణులవారు అతన్ని తేరిపార చూశారు గానీ ఇంకేమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ ఇన్నాసిస్వామిని విశ్రాంతికని వెంట తీసుకుపోయారు. బండి ఎక్కేముందు స్వామి లింబయ్య భుజం మీద చెయ్యి వేశాడు. అది దీవెనో, నిష్ఠూరమో లింబయ్యకు తెలియలేదు.

స్వామి తిరిగి రాలేదు. దూరపు ఊరికి పంపారని కొందరు, గురువు అంగీ విడిచి బడిపంతులయ్యాడని కొందరు అన్నారు. చెరుకు కోతలు అయ్యాక గంగుబాయి ఇల్లు ఖాళీ చేసి నాందేడు దిక్కు పోయిందట. ఒంటరిగా పోయిందా, అక్కడ ఎవరైనా ఎదురు చూస్తున్నారా, ఎవరూ చెప్పలేకపోయారు.

వేరే గురువు వచ్చాడు. లింబయ్య ఉపదేశిగానే ఉండిపోయాడు. పాత స్వామి ఎందుకు పోయాడని ఎవరైనా అడిగితే, "పానం బాగలేక" అనేవాడు. అది అబద్ధమో కాదో కూడా అతనికి తేలలేదు.