జోగిపేట పాత చౌక్‌లో నేను గీసిన బెంచీలు

ఒక్కసారి కూడా అడుగు పెట్టకుండా ఒక ఊరి నడిబొడ్డును మార్చేసిన ఘనత నాది. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ప్లాన్లు గీస్తాను. మున్సిపాలిటీ వాళ్లు జోగిపేట పాత చౌక్ ఫోటోలు పంపితే, మధ్యలో ఉన్న పాత రాతి గద్దె తీయించి ఫౌంటెన్ పెట్టాను. దాని చుట్టూ గుండ్రంగా ఎనిమిది బెంచీలు, వాటి వెనక ఛాతీ ఎత్తు పూలమొక్కల కంచె. మా సారు శభాష్ అన్నారు. ఇప్పుడు రెండో దశలో కంచెకు మిగిలిన ఒక్క సందు కూడా గేటు పెట్టి మూసేయాలట. సోమవారానికి ప్లాన్ ఇవ్వాలి. ఈసారైనా వెళ్లి చూద్దామని టేపు జేబులో వేసుకుని బయల్దేరాను.

పటాన్‌చెరులో పొద్దున ఐదున్నరకు నారాయణఖేడ్ బస్సు ఎక్కాను. ఆ వేళకు నైట్ షిఫ్టు దిగిన కంపెనీ కార్మికులతో బస్సు సగం నిండింది, కానీ ఇస్నాపూర్‌లో చాలామంది దిగిపోయారు, కిటికీ సీటు దొరికింది. సంగారెడ్డిలో పది నిమిషాలు ఆగింది. టికెట్టు వంద లోపే. ఏడు దాటాక జోగిపేటలో దిగి, అయిదు నిమిషాలు నడిస్తే చౌక్. మూలన ఖాజా భాయ్ చాయ్ బండి ఉంది. చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్లు నాలుగు తిని, గొప్పగా అడిగాను, చౌక్ ఎలా ఉందని.

"బహుత్ ఖూబ్‌సూరత్ ఉంది సాబ్," అన్నాడు. "ఐతారం ఫోటోలు దిగెటోళ్లు వస్తరు. మిగిలిన దినాలు మేకలు వస్తయ్, మొక్కలు తినెతందుకు."

మొహం మాడ్చుకుని లోపలికి వెళ్లాను. బెంచీల మీద ముప్పై మంది దాకా కూలీలు పని కోసం వరసగా కూర్చుని ఉన్నారు. అందరి మొహాలూ ఫౌంటెన్ వైపు, వీపులు రోడ్డు వైపు. ఫౌంటెన్‌లో నీళ్లు లేవు. ఒక బెంచీ చివర ఖాళీ ఉంటే కూర్చుని, పక్కనున్న యాదమ్మతో మాట కలిపాను. ఆమె సిమెంటు తట్టలు మోసే కూలి. పాత గద్దె ఉన్నప్పుడు రోడ్డుకు మొహం పెట్టి కూర్చునేవారట. మేస్త్రీలు బస్టాండు వైపు, రంగులేసేవాళ్లు మసీదు వైపు, తట్ట మోసే ఆడవాళ్లు సంత వైపు. తట్ట బోర్లిస్తే ఖాళీగా ఉన్నట్టు, వెల్లకిలా తిప్పితే పని కుదిరినట్టు. పనికి మనుషులు కావాల్సినవాడు బండి దిగకుండానే చూసి పిలిచేవాడు.

"ఇప్పుడు రోడ్డు మీదికెల్లి మేం కనవడ్తలేం," అంది, బోర్లించిన తట్ట మీద చెయ్యి పెట్టి. "రెండు దినాలాయె, ఉత్తగనే ఇంటికి పోయిన. తొమ్మిది దాటితే ఇయ్యాల గూడ గంతే. గీ బెంచీ గీసినోడు దొరికితే బాగుండు బిడ్డా."

"దొరికితే ఏం చేస్తావమ్మా?"

"ఏం జేస్త? పనిచ్చేటోడు వచ్చెదాంక నా పక్కన కూసోవెడ్త."

"ఇప్పటికే కూర్చున్నానమ్మా," అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. తిడుతుందనుకున్నాను. తట్ట కాస్త అవతలికి జరిపి, "అయితే మంచిగ కూసో సారూ, చోటున్నది," అంది. ఆ మర్యాదకు తలెత్తలేకపోయాను. ఎనిమిదిన్నర దాకా అలాగే కూర్చున్నాం. వెనక బండ్లు వస్తున్నాయి, ఆగుతున్నాయి, వెళ్లిపోతున్నాయి. మెడ తిప్పి తిప్పి నాకు పట్టేసింది. వీళ్లు రోజూ ఇలాగే కూర్చుంటున్నారని తలచుకుంటే సిగ్గేసింది.

ఉండబట్టలేక లేచి, కంచెలో మిగిలిన ఆ ఒక్క సందు దగ్గర రోడ్డుకేసి తిరిగి నిలబడి, టేపు లాగి వెడల్పు కొలుస్తున్నాను. ఒక స్కూటరు సరిగ్గా నా కాళ్ల ముందు ఆగింది.

"మేస్త్రీ! ప్రహరీ గోడున్నది. వస్తవా?"

"నేను మేస్త్రీని కాదండీ."

"మరి టేపెందుకు పట్టినవ్? రేటు పెంచనీకి నకరాలా? జల్దీ చెప్పు, తట్ట మోయనీకి ఒక ఆడమనిషి గూడ కావాలె."

"ఉండండి, ఇద్దరినీ చూపిస్తాను," అని కేక పెట్టాను. ఒక మేస్త్రీ తాపీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, వెనకే యాదమ్మ. రెండు నిమిషాల్లో బేరం కుదిరింది. ఆమె తట్ట వెల్లకిలా తిప్పి చంకన పెట్టుకుని, స్కూటరతను పిలిచిన ఆటో ఎక్కుతూ వెనక్కి తిరిగింది.

"సారూ, రేపు గూడ రా! గా టేపు మర్చిపోకు!"

ఖాజా భాయ్ రెండో చాయ్‌కి పైసలు తీసుకోలేదు. అక్కడి నుంచే మా సారుకు ఫోన్ చేసి, సందు మూయడం కాదు, కంచె తీసేయాలి, బెంచీలు రోడ్డు వైపు తిప్పాలి అన్నాను. "మరి ఫౌంటెన్ ఎవరు చూస్తారయ్యా?" అన్నారు. "తొమ్మిది దాటాక మేకలు చూస్తాయి సార్," అన్నాను. ఆయన నవ్వలేదు, కానీ గీసి పట్టుకురమ్మన్నారు. తిరుగు బస్సులో ఒళ్లో కాగితం పెట్టుకుని ఎనిమిది బెంచీలూ తిప్పి గీశాను. ఆ ప్లాన్‌లో చెట్టు ఎత్తు, పైపు వెడల్పు, దీపాల మధ్య దూరం అన్నీ మొదటి నుంచీ ఉన్నాయి. మనిషి మొహం ఎటుండాలో మాత్రం నాకు తోచలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. ఏడున్నరకల్లా చేరండి, ఇంట్లో గోడ పనేదైనా ఉంటే మరీ మంచిది. బెంచీలు తిప్పేదాకా రోడ్డు మీద నుంచి ఎవరూ కనిపించరు. బండి దిగి ఆ సందులోంచి లోపలికి వెళ్లండి, తట్ట బోర్లా ఉంటే పిలవండి.