డ్రమ్ము మీద ‘మైన్’

ఒక ఇంగ్లీషు మాట నేర్చుకుని, మా అవ్వ చివరి స్నానానికి ఇంట్లో నీళ్లు లేకుండా చేసిన ఘనుణ్ణి నేను. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. మా వీధి వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ఇంటర్ అయ్యాక కదిరిలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు పోయేవాణ్ణి. ఒకరోజు సారు ‘మైన్’ అనే మాట చెప్పాడు. మొదట్లో ఇంగ్లీషు వాళ్లకు ‘నా’ అన్నా, ‘నాది’ అన్నా అదొక్కటే మాటట. వాడగా వాడగా దాని తోక అరిగిపోయి ‘మై’ పుట్టిందట. “మై అంటే పక్కన వస్తువు పేరు ఉండాల. మై పెన్, మై బ్యాగ్. మైన్‌కు ఎవరి తోడూ అక్కర్లేదు, ఒంటరిగా నిలబడతాది” అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. బస్సు టికెట్టును కూడా మైన్ అనుకుంటూ ఊరు చేరాను.

ఇంట్లో మైన్ అనదగ్గ వస్తువు నీళ్ల డ్రమ్ము ఒక్కటే కనబడింది. మా ఊరి బోర్లు ఎప్పుడో ఎండిపోయాయి. ట్యాంకరు వస్తేనే నీళ్లు. అది వచ్చే వేళకు సగం వీధి కూలికి పోయి ఉంటుంది కాబట్టి డ్రమ్ములు ఇళ్ల ముందే పెట్టి పోతారు. ఊళ్లో ఎవరుంటే వాళ్లు పైపు పట్టుకుని అన్నీ నింపుతారు. అవసరమైతే ఎవరి డ్రమ్ములోనైనా బిందె ముంచుకుంటారు. ఎదురింటి ఆదెమ్మత్త మా డ్రమ్ములో ముంచుకోవడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. ఆ రోజు మాత్రం అది పట్టపగలు దోపిడీలా అనిపించింది. తలుపులకు వేయగా మిగిలిన ఎర్ర రంగు తెచ్చి, డ్రమ్ము పొట్ట మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో ‘మైన్’ అని రాశాను.

“ఏమప్పా శీనా, ఏంది రాస్తాండావు?” అన్నాడు పక్కింటి ఓబులేసు మామ.

“మైన్ మామా. నాది అని.”

“డ్రమ్ము మీదేనని మాకు తెల్దా?”

“అట్ల కాదు. మైన్ అంటే ఇంకెవురూ చెయ్యి పెట్టకూడదు.” తోక అరిగిన సంగతితో సహా పాఠం చెప్పాను.

మామ శ్రద్ధగా విన్నాడు. “సరేప్పా, పెట్టంలే” అని వీధంతా చెప్పి వచ్చాడు.

మంచం పట్టిన అవ్వ మాత్రం ఊరుకోలేదు. “ఒరే, నీళ్లకాడ నీది నాది ఏందిరా? రేపు నేను సస్తే నా మింద పోసేదానికి యాడ తెస్తావు?” అంది. పాపం, ముసలిదానికి ఇంగ్లీషు రాదు కదా అని జాలిపడ్డాను.

తర్వాత ట్యాంకరు వచ్చిన రోజు అమ్మానాయనలు కూలికి పోయారు, నేను క్లాసులో ఉన్నాను. సాయంత్రం వచ్చి చూస్తే వీధిలోని డ్రమ్ములన్నీ అంచుదాకా నిండి ఉన్నాయి. మాది మాత్రం ఒంటరిగా నిలబడి ఉంది, సారు చెప్పినట్టే. అడుగున ఒక మిడత చచ్చి పడి ఉంది.

“మామా, మాకు పోయలేదే?”

“చెయ్యి పెట్టొద్దంటివి కదప్పా. పైపు పెట్టినా చెయ్యి పెట్టినట్టే కదా.”

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే నా మాటకు మర్యాద ఇచ్చాడు. ఇంకొకరి డ్రమ్ములో ముంచే ముఖం లేక, ఇంట్లో మిగిలిన బిందెడు నీళ్లతోనే ఆ రాత్రికి సరిపెట్టుకున్నాం. మరునాడు తెల్లారి అవ్వ లేవలేదు.

ఆమెను వాకిట్లోకి తెచ్చి, స్నానానికి నీళ్లు తెమ్మన్నారు పెద్దలు. నాయన డ్రమ్ములోకి వంగి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. అవ్వ కోసం ఏడవాల్సినవాణ్ణి, నీళ్ల కోసం ఏడ్చాను.

అప్పుడు ఆదెమ్మత్త బిందె తీసుకుని వచ్చింది. ఆమె వెనకే ఓబులేసు మామ. ఆ వెనక వీధంతా తలా ఒక బిందెతో వచ్చింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“మీ అందరినీ ముట్టుకోవద్దంటిని కదా మామా. మీరెందుకు తెస్తాండారు?”

మామ బిందె దించి, అవ్వను కాసేపు పరీక్షగా చూశాడు.

“డ్రమ్ము మింద రాసినావు గానీ, అవ్వ మింద రాయలేదు కదప్పా!”

అంత ఏడుపులోనూ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

టర్పెంటైన్‌తో ఎంత రుద్దినా ఆ అక్షరాలు పూర్తిగా పోలేదు. ఇప్పుడు ట్యాంకరు వస్తే మా వీధి వాళ్లు ముందు ఆ డ్రమ్ములోనే పైపు పెడతారు. అందుకే ఆ డ్రమ్ము మీద చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేశాను: బతికినంతకాలం ఏ వస్తువు మీదా ఆ మాట రాయను, పలకను. ఆ రోజు అవ్వకు నీళ్లు లేకుండా పోయిన తప్పెవరిదని ఎవరైనా అడిగితే మాత్రం, ఆ ఒక్కచోట వాడుకుంటాను.