సత్తియ్య ఎంచుకున్న మాటు

సత్తియ్యను మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. అతని సంగతి రాయబోతే మెచ్చుకోక తప్పడం లేదు.

అతను పల్లెకారుల ఇంట పుట్టినవాడు. వరదలో పడవ పోగొట్టుకుని, ఆత్రేయపురం దిగువన మా లంకకు చేరి, భార్య లోవమ్మతో పాటు చెరుకు తోటల్లో కూలికి దిగాడు. కొండల నుంచి వెదురు తెప్పలు దింపేవాళ్ల దగ్గర విల్లు వంచడం, బాణం చెక్కడం నేర్చాడట. అక్షరం ముక్క రాదు. నేను మిషను బడి కిటికీ బయట నిలబడి విని విని చదువు నేర్చుకున్నవాణ్ణి. బైబిలు, పంచాంగం, సంతలో పొట్లం కట్టిచ్చిన పత్రిక ముక్క, ఏది దొరికినా వదల్లేదు. అయినా లంకలో ఎవరికి ఏ సందేహం వచ్చినా సత్తియ్య దగ్గరికే పోయేవారు.

రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. కార్తీకంలో ఒక అడవిపంది ఏటిపాయ ఈదుకుంటూ వచ్చి చెరుకును నేలమట్టం చేయసాగింది. గుంపు విడిచి ఒంటరిగా తిరిగే మగది. భూస్వామి బంగార్రాజు గారి తుపాకీని లైసెన్సు లేదని అంతకుముందే పట్టుకుపోయారు. అందుకని ఆయన, గానుగలు ఆడే లోపు దాన్ని బాణంతో కొట్టినవాడికి లంక కాపలా ఇస్తానన్నారు. కాపలా అంటే ఒక గుడిసె, ఏడాదికి సరిపడా ధాన్యం, ఇంకొకరి చేలో నడుం వంచక్కర్లేని బతుకు. మధ్యాహ్నమంతా చదువుకోవచ్చు. నాకూ విల్లుంది. కొంగల్ని కొట్టిన చెయ్యి. ఆ కాపలా నాకు కావాలి. సత్తియ్యకీ కావాలి.

బాణం పదిహేను అడుగుల లోపు నుంచి వేస్తేనే పంది ఒంట్లో దిగుతుంది. అంత దగ్గరికి అది రావాలంటే దాని కంట పడకుండా నేల మీదే దాక్కునే చోటు కావాలి. దాన్నే మాటు అంటాం. నేను రెండు రోజుల్లో నా మాటు కట్టేశాను. పంది ఏరు దాటి ఒడ్డెక్కే గండి పక్కన, తాటాకుతో, మూడు వైపులా గోడలు పెట్టి, ఆకు మీద ఆకు పొందిగ్గా పరిచి కట్టాను. ఇళ్లు నేయడం మావాళ్ల పని. ఎక్కడా చిల్లు లేదు.

సత్తియ్య చూడవచ్చాడు. చుట్టూ తిరిగి తడిమి చూసి అన్నాడు. "ఇల్లు బాగానే కట్టావురా. కాపురం ఎప్పుడు పెడతన్నావు?"

చెరుకు ఆకు దూసే ఆడవాళ్లు విరగబడి నవ్వారు. వాళ్లలో లోవమ్మ నవ్వే ఎక్కువగా వినిపించింది.

అతను మాత్రం తొమ్మిది రోజులు విల్లు ముట్టుకోలేదు. సాయంత్రం అవగానే లంకంతా తిరిగేవాడు. రెల్లుపువ్వు నూగు చిటికెడు గాలిలో వదిలి అది ఎటు పోతుందో చూసేవాడు. ఆఖరికి అతను ఎంచుకున్న చోటు చూసి నాకు నవ్వొచ్చింది. తోట నడుమ ఆడవాళ్లు దూసిన ఆకు పోగేసి, మధ్యాహ్నం కూర్చుని గంజి తాగే చోటు. ఆ చెత్తకుప్పలో పడుకుంటాడట. లోవమ్మ మాసిన చీర ఒకటి ఒంటికి చుట్టుకుంటాడట.

ఎందుకని లోవమ్మ అడుగుతుంటే చెరుకు చాటు నుంచి విన్నాను. "మనిషి వాసన లేకుండా చేసుకోడం మన వల్ల కాదే. రోజూ మీ వాసనొచ్చే చోట ఇంకో మనిషుంటే దానికేం తెలుద్ది? మీరు పారేసిన చెరుకు మొవ్వుల కోసం అది ఎటూ వత్తాది."

ఆ మాట నాకు తట్టనందుకు ఒళ్లు మండిపోయింది. ఏ పుస్తకంలోనూ ఆ మాట చదవలేదు. చదవడం రానివాడు చెప్పాడు.

మర్నాడు ఆడవాళ్లకు ఒక కాగితం చూపించాను. ఇక మీదట గంజి తాగడం, ఆకు పోగెయ్యడం ఏటి గండి దగ్గరేనని బంగార్రాజు అయ్యగారి చీటీ అని చెప్పాను. నిజానికి అది పాత పత్రిక ముక్క. వాళ్లకు చదువు రాదు, నాకు వచ్చు. తలలూపి వచ్చి నా మాటు పక్కనే కూర్చున్నారు. మూడు రోజులు అలాగే నడిచింది. సత్తియ్య కుప్ప దగ్గర కొత్త వాసన లేకుండా పోయింది. ఉన్న వాసనంతా నా గోడల చుట్టూ చేరింది.

నాలుగో సాయంత్రం పొద్దు వాలుతుండగా పంది గండి ఎక్కింది. మొవ్వులు నములుతూ పది అడుగుల దగ్గరికి వచ్చింది. డొక్క నా వైపు తిప్పి నిలబడింది. ఊపిరి బిగబట్టి విల్లు లాగాను. సగం లాగేసరికి మోచెయ్యి వెనక గోడకు తగిలింది. ఎండిన తాటాకు ఒక్కసారిగా గలగలమంది. ఇల్లు కట్టాను గానీ విల్లు లాగడానికి చోటు వదల్లేదు.

పంది తోటలోకి పరిగెత్తింది. బెదిరిన జంతువు తనకు అలవాటైన చోటికే పోతుంది. ఆకుకుప్ప దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చెవులు రిక్కించిందట. ఎదురుగా ఉన్నది లోవమ్మ చీర వాసనే. సత్తియ్య వింటినారి చప్పుడు గండి దగ్గరున్న నాకు వినిపించింది.

బంగార్రాజు గారు వచ్చి, చచ్చి పడున్న పందిని చూసి కాపలా సత్తియ్యకే ఇచ్చారు. మా వైపు వేటలో కొట్టినవాడికి తల, తోలినవాడికి తొడ. వాటాలు వేస్తూ సత్తియ్య అందరి ముందూ తొడ నా వైపు జరిపాడు.

"తోలినోడి వాటా యెహెజ్కేలుదండి. ఆడు అటునించి తోలకపోతే ఇది నా కాడికి వచ్చేది కాదు."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. పక్కకు వచ్చాక అతను గొంతు తగ్గించాడు.

"మా ఇంటిదానికి చీటీ చదవడం రాదు గానీ, అయ్యగారు ఆ రోజు రాజమండ్రిలో ఉన్నారని తెలుసురా. ఎవరికీ చెప్పన్లే. ఈసారి ముందు విల్లు లాగి చూసుకుని, ఆ తర్వాత గోడ కట్టు."

మా అమ్మ ఏసమ్మ ఆ మాంసం వండి, నా కొడుకు తోలిన పంది అని ఇరుగుపొరుగుకు పంచింది. సత్తియ్య ఎంత ధర్మాత్ముడో చెబుతూ నాకు రెండోసారి వడ్డించింది. నలుగురిలో నా మోసం బయటపెట్టి ఉంటే అతన్ని నిశ్చింతగా ద్వేషించేవాణ్ణి. ఆ వీలు కూడా లేకుండా చేశాడు.

ఆ సోమవారమే వంతెన పనికి కూలీల్లో చేరడానికి రాజమహేంద్రవరం నడిచాను. లంకలో ఉంటే రోజూ లేవగానే కాపలా గుడిసె కనిపిస్తుంది.