అక్క పేరుతో నేను అడిగిన ఎడారి బొమ్మలు

పోయిన నెలలో మా చెల్లెలి మనవరాలు, ఖమ్మంలో కోచింగ్ కోసం మా ఇంట్లో ఉంటున్న పిల్ల, దేనికోసమో అటక మీది ట్రంకుపెట్టె దింపి అందులోంచి నా పాత ఆల్బమ్ బయటికి తీసింది. నల్లటి మందపాటి కాగితాల మీద పదకొండు మస్కట్ బొమ్మల కార్డులు, ఇసుక దిబ్బల మీద నడుస్తున్న ఒంటెలు, మట్టిరంగు కోటలు, ఖర్జూరపు తోట, సముద్రం ఒడ్డున తెల్లటి ఇళ్ళు, నలభై ఏళ్ళు దాటినా రంగు పెద్దగా వెలిసిపోలేదు. ఆ పిల్ల వాటిని ఫోనులో ఫొటోలు తీసి ఎవరెవరికో పంపితే, ఇంత అపురూపమైన సేకరణ ఎలా చేశారమ్మా అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా మెచ్చుకున్నారు. నేను రెండు రోజులు మురిసిపోయాను, దాచడమెందుకు. మూడో రోజు అక్క ఫోన్ చేసింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. కొత్తగూడెం దాటి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక చిన్న ఊళ్ళో నాకు మొదటిసారి టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, వెనుక గది కిరాయికిచ్చిన ఇల్లాలు. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. అంతకుముందు బొగ్గు లారీ నడిపిన ఆమె భర్త అప్పటికి ఏడాది క్రితమే నీళ్ళ ట్యాంకరు నడపడానికి మస్కట్ వెళ్ళాడు. ఆమె పసిబిడ్డను చంకనేసుకుని, ఎండాకాలంలో బీడీలకు పోయే తునికాకు కోసి కట్టలు కట్టి, మిగతా రోజుల్లో కూలికి పోయి ఇల్లు నడిపేది. చదువు రాదు. ఆదివారం ప్రార్థనలో కీర్తనలన్నీ నోటికి పాడేది గానీ పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా తెలిసేది కాదని తనే నవ్వుతూ చెప్పేది.

మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఊళ్ళోకి టీచరు వచ్చిందంటే బడి పిల్లలకే కాదు, ఉత్తరాలు వచ్చే ఇళ్ళన్నిటికీ వచ్చినట్టే. ఉత్తరం తెచ్చినవాళ్ళు ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత కొంగుచాటు నుంచి కవరు తీసేవాళ్ళు. చదివినది బయట చెప్పకూడదు, చదివేటప్పుడు నవ్వకూడదు, ఏడుపు మాట వస్తే కాస్త ఆగాలి. ఇవి ఎవరూ నేర్పకుండానే నాకు తెలిశాయి, పాటించాను కూడా. అందుకే అక్క నన్ను అంతగా నమ్మింది.

ఆయన ఉత్తరాలు బాగుండేవి. నాలుగు పేజీలకు తక్కువ ఉండేవి కావు. ట్యాంకరు ఎక్కడ దిగబడింది, వాళ్ళ గదిలో ఎవరు వండుతారు, పప్పులో చింతపండు దొరకక ఏం వేశారు, పాప పళ్ళు వచ్చాయా, వాన పడితే వంటింటి పైకప్పు మీద ఏ పెంకు జరపాలి, అన్నీ రాసేవాడు. అక్క గడప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. ఒక్కోసారి అదే పేజీ మళ్ళీ చదవమనేది, నేను చదివేదాన్ని.

ఒక క్రిస్మస్‌కు ఆయన ఉత్తరంతో పాటు బొమ్మల కార్డు ఒకటి పంపాడు. ఇసుక, ఇంకా ఇసుక, దాని మీద ఆకాశం. అంతే. నేను అప్పటికి ఖమ్మం దాటి లోకం చూసినదాన్ని కాదు, ఆ ఊళ్ళో ఏ కిటికీ తెరిచినా చెట్లే, బడి గుమ్మం దాటితే చెట్లే, అలాంటిది ఒక్క చెట్టు కూడా లేని నేల ఉంటుందని ఆ కార్డులో చూసి నాకు మతి పోయింది. అక్క దాన్ని మేకు కొట్టి గోడకు తగిలించింది. మూడు నెలలు నేను దాని ముందు నుంచి నడిచిన ప్రతిసారీ ఆగేదాన్ని. చివరికి బడిలో పిల్లలకు చూపిస్తానని అడిగి తీసుకెళ్ళాను, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి పాఠం మెచ్చుకున్నాడు, నేను తిరిగి ఇవ్వలేదు, అక్క అడగలేదు. ఇక్కడి దాకా చెప్పుకోవచ్చు.

ఆ కార్డు వెనుక కింది మూలన చిన్న అంకె అచ్చువేసి ఉంది, నాలుగు. అంటే ఒకటి, రెండు, మూడు ఎక్కడో ఉన్నాయన్నమాట. ఆ అంకె నా బుర్రలోకి దూరింది. జవాబు రాసేది నేనే కదా. అక్క చెప్పినదంతా రాసి, ఇట్లు అని పెట్టబోయే ముందు, అక్క చెప్పని ఒక మాట చేర్చాను. ఈసారి ఉత్తరం వద్దు, అక్కడి బొమ్మల కార్డు మీదే రాయండి, నాకు చూడాలని ఉంది, అని. రాసినది మళ్ళీ చదివి వినిపించడం రివాజు. ఆ వాక్యం వదిలేసి చదివాను.

కార్డు వచ్చింది. తర్వాత ఇంకొకటి. నేను వాటిని చదివి వినిపించి, బొమ్మ బాగుందక్కా, నేను ఉంచుకోనా అంటే, నాకెందుకు చెల్లె, తీస్కో అనేది. ఏడాది తిరిగేసరికి నాకు సిగ్గు కూడా పోయింది. కోట బొమ్మ చేరింది, ఇక ఓడల బొమ్మ పంపండి అని అక్క పేరుతో పేరుపెట్టి మరీ అడగసాగాను. కార్డు మీద సగం బొమ్మల కంపెనీ అచ్చు, చిరునామా, స్టాంపు పోగా రాసేందుకు అరచేయంత చోటు మిగులుతుంది. నాలుగు పేజీల మనిషి నాలుగు ముక్కల్లోకి వచ్చాడు. క్షేమం, పాప జాగ్రత్త, పైసలు పంపిన.

ఒకనాడు తునికాకు కట్టలు కడుతూ అక్క తల ఎత్తకుండా అడిగింది.

"ఇంతకుముందు అన్నన్ని పేజీలు రాసెటోడు. ఇప్పుడు నాలుగు ముక్కలు. నా మీద మనసు ఇరిగిందంటవా చెల్లె?"

పని ఎక్కువైందేమో అన్నాను. అంతకంటే సులువుగా నోటికి వచ్చిన అబద్ధం నా జీవితంలో ఇంకొకటి లేదు. ఆ తర్వాత వచ్చిన ఓడల బొమ్మ కార్డు వెనుక ఉన్నది నేను అక్కకు పూర్తిగా చదవలేదు. దానికి జవాబు మాత్రం రాశాను. మరో ఏడెనిమిది నెలలకు, ఆయన ఇంకా తిరిగి రాకముందే, నాకు వైరా వైపు బదిలీ అయ్యింది. వెళ్ళే ముందు మైదా జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపి, కార్డులన్నీ బొమ్మ పైకి వచ్చేలా ఆల్బమ్‌లో అతికించాను. వెనుక రాసినది దాచడానికి కాదు, చక్కగా కనపడాలనే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట నేనే నమ్మలేకపోతున్నాను.

ఫోన్‌లో అక్క గొంతు ముసలిదైంది గానీ మాట అదే. వాళ్ళ కోడలి ఫోనులోకి తిరిగి తిరిగి చేరిన ఫొటోల్లో ఇసుక కార్డునూ దాని మూలన మేకు చిల్లునూ చూసి పోల్చుకుని, పంపినవాళ్ళను అడిగించి నా నంబరు పట్టుకుందట. ఆయన పోయి ఏడాదైందని చెప్పింది. నడివయసులో బైబిలు చదవడానికని అక్షరాలు నేర్చుకుందట, ఆయన కాగితాల మీద రాసినవన్నీ ఇప్పుడు తనే చదువుకుంటోందట. కార్డుల మీద రాసినవే తన దగ్గర లేవు, ఒక్కసారి ఇస్తే చూసుకుని పంపుతానంది. నీవే అక్కా, వచ్చి తీసుకో అన్నాను.

అక్క వచ్చే లోపు నాలుగు రోజులున్నాయి. జిగురు ఊడడం లేదని చెబితే అయిపోయేది, ఆమె నమ్మేది కూడా, ఎప్పుడూ నమ్మినట్టే. ఆ ఆలోచన నాకు రాలేదని అనను. ఒక పూటంతా ఆ ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని అదే ఆలోచించాను. చివరికి తడిగుడ్డ పరిచి, ఒక్కొక్క కాగితం నానబెట్టి, తాటాకు ఈనెతో మెల్లగా లేపాను. మూడు కార్డుల వెనుక పొర చిరిగిపోయింది. ఎనిమిది నిలిచాయి. బాల్‌పెన్నుతో రాశాడు కాబట్టి అక్షరాలు నీళ్ళకు చెదరలేదు. ఓడల బొమ్మ ఆ ఎనిమిదిలో ఉంది.

అక్క బస్సు దిగి ఆటోలో వచ్చింది. మంచినీళ్ళిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని, బొమ్మలు చూడకుండానే కార్డులు తిరగేసి, అక్షరం కింద వేలు పెట్టి ఒక్కొక్కటి పైకి చదవసాగింది. నాలుగోదో ఐదోదో ఓడల బొమ్మ. ఒక ఒత్తు దగ్గర ఆగిపోతే అలవాటు కొద్దీ చెయ్యి చాపాను. ఆమె కార్డును కొంచెం పక్కకు జరుపుకుంది.

"నేను చదువుకుంటలే చెల్లె."

చదివింది. "నువ్వు అడిగినవని ఓడల బొమ్మ దుకాణాలన్నీ తిరిగి తెచ్చిన. దీని మీద జాగ లేదు. చెప్పాల్సినయ్ మస్తున్నయ్. మల్ల కాయితం మీద రాయమంటవా?"

రెండోసారి చదివింది. అద్దాలు తీసి నా వైపు చూసింది.

"ఓడల బొమ్మ నేనెప్పుడడిగిన?"

అన్నీ చెప్పాను. నాలుగు అంకె దగ్గర మొదలుపెట్టి, కాయితం మీద రాయమంటవా అన్నదానికి వద్దు, కార్డే పంపండి అని నేను రాసిన జవాబు దాకా. నన్ను తిట్టి ఉంటే కొంత భారం దిగేదేమో, ఆమె అసలు నాతో మాట్లాడుతున్నట్టే లేదు, ఒళ్ళోని కార్డులతో మాట్లాడుతున్నట్టు అంది.

"అక్కడ ఇంకెవరినో చూసుకున్నడనుకున్న. ఇంటికొచ్చినంక ఏడాది దాక ఆయనతోని సక్కగ మాట్లాడలే. ఏమైందే, ఏమైందే అని అడిగి అడిగి ఊకున్నడు."

నాకు ఏడుపు వచ్చింది గానీ, ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదనిపించి వంటింట్లోకి వెళ్ళాను. అన్నం తినమంటే తింది. చిరిగిన మూడు కార్డులూ కలిపి పదకొండూ కొంగు మూటలో కట్టుకుని, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు కూడా పోయొస్త చెల్లె అనే అంది.

ఆల్బమ్‌లో ఇప్పుడు మైదా మరకలున్న ఖాళీ కాగితాలే ఉన్నాయి. మనవరాలు హాల్లో కూర్చుని వాళ్ళ అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే, మధ్యలో చదివిపెట్టే మనిషీ, రాసిపెట్టే మనిషీ లేకుండా ఒకరి మాట ఒకరికి సూటిగా చేరడం చూస్తుంటాను. ఆ రోజుల్లో ఉత్తరం కోసం ఎదురుచూడడంలో ఎంత తీపి ఉండేదో అని మన వయసు వాళ్ళం తరచు అనుకుంటాం, నేనూ చాలాసార్లు అన్నాను. ఇక అనలేను. ఆయన చెప్పాల్సినవి మస్తున్నాయన్నాడు. అవేమిటో అక్కకు చేరలేదు, నా దగ్గరా లేవు.