ఆకలైన మిషన్, మా మామ

మా మామ పోయాడన్న కబురు మొన్న బుధవారం పొద్దున వచ్చింది. కబురు తెచ్చిన మనిషి సైకిలు దిగకముందే దాని గొలుసు కిర్రుమంటున్న చప్పుడు వినబడింది. మామ నా పక్కన ఉండి ఉంటే ముందు ఆ గొలుసుకు నాలుగు చుక్కల నూనె వేయించి, ఆ తర్వాతే "ఇగ చెప్పు, ఎవరు పోయిండ్రు?" అని అడిగేవాడు. నేను చాలాసేపు ఆ గొలుసు వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆయన మా అమ్మకు అన్న. మగ్గాల ఊళ్ళో పుట్టి, నేత పని సాగక అమీర్‌పేటకు వచ్చి, కుట్టు మిషన్లు బాగుచేసే పని పట్టాడు. పొద్దస్తమానం మగ్గం చప్పుడు వింటూ పెరిగిన చెవి కదా, మిషన్ దగ్గితే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. దర్జీల దగ్గరుండే గజం బద్ద ఒకటి ఎప్పుడూ చంకలో ఉండేది. దాని ఒక కొస మిషన్‌కు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఆ సమయంలో ఎవరైనా మాట్లాడితే ఊరుకునేవాడు కాదు. "ముందు విను, తర్వాత విప్పు" అన్నది ఆయన మొదటి మాట. "మిషన్ అబద్ధం ఆడది, నడిపెటోడే ఆడుతడు" అన్నది రెండో మాట. దానంతటదే ఆగిపోయిందని చెప్పే ప్రతి దర్జీకీ ఈ రెండో మాట పడేది.

ఈ చెవి వల్ల ఇంట్లోవాళ్ళకు సుఖం లేదు. మా చెల్లెలి పెళ్ళిలో సరిగ్గా తాళి కట్టే వేళకు లేచి వెళ్ళి, డోలు వాయించే ఆయన చెవిలో "ఎడమ దిక్కు తోలు సడలింది, జర గుంజు" అని చెప్పి వచ్చాడు. వాయించే ఆయన ఉలిక్కిపడి చెయ్యి ఆపేశాడు. తాళి కట్టడం మేళం లేకుండానే అయిపోయింది. మా అత్త జీవితాంతం ఒకే ఫిర్యాదు చేసింది. "నేను పక్కన కూసొని పిలిస్తే ఇనరాదు గని, వాడ చివర మిషన్ మూలిగితే ఇనొస్తది."

చివరి రోజుల్లో డాక్టరు ఆయన గుండె మీద గొట్టం పెడితే, "నాకు సుత ఇనిపియ్యరాదు డాక్టర్ సాబ్, ఏ పుర్జా పోయిందో నేను చెప్త" అన్నాడట. డాక్టరు నిజంగానే గొట్టం ఆయన చెవులకు పెట్టాడు. కాసేపు విని, "అరిగింది. పుర్జా దొరకది" అని చెప్పి గొట్టం తిరిగి ఇచ్చేశాడట. మా అత్త ఇది చెబుతూ నవ్వింది, ఏడ్చింది.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మా వాళ్ళు అడిగితే నాకు వెంటనే తోచింది పంజాగుట్ట సంగతి. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలు కాలేదు. పంజాగుట్ట అంటే బండరాళ్ళు, వాటి మధ్య అక్కడక్కడ బంగళాలు. అందులో ఒక బంగళాలో, కోస్తా వైపు నుంచి వచ్చి సర్కారు కొలువులో స్థిరపడ్డ ఒక ఇంజినీరుగారి దగ్గర నేను గుమాస్తాను.

ఆయన విలాయత్ నుంచి ఓడలో ఒక మిషన్ తెప్పించారు. వంటింట్లో గిన్నెలు కడిగే తొట్టి కింద దాన్ని బిగించారు. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అందులో పడేసి మీట నొక్కితే అంతా మెత్తగా నూరి, నీళ్ళతో పాటు మోరీ కాలువలోకి పంపేస్తుంది. ఇంటికి వచ్చిన పెద్దమనుషులకు టీ ఇవ్వకముందే వంటింట్లోకి తీసుకెళ్ళి దాన్ని చూపించేవారు. నడిచిందంటే బల్ల మీద గ్లాసులు వణికేవి.

నెల తిరక్కుండానే దాని గొంతు మారింది. రోట్లో గులకరాళ్ళు పోసి దంచుతున్నట్టు ఒకటే రొద. ఇంజినీరుగారు దానితో వచ్చిన పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివారు. ఎముకలు వేయవద్దని మాత్రం రాసి ఉంది. ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వని ఆ ఇంట్లో ఎముకలు ఎక్కడి నుంచి వస్తాయి?

రొద అలా ఉండగానే ఇంజినీరుగారి పసివాడికి ఉగ్గు పెట్టే వెండి చెంచా కనబడకుండా పోయింది. అది అమ్మగారి పుట్టింటి వారు పెట్టినది. అంట్లు తోమే ఆమె ఎర్రగడ్డ నుంచి నడిచి వచ్చేది, ఎర్రగడ్డక్క అనేవాళ్ళం. అనుమానం ఆమె మీదికి పోయింది. ఎంగిలితో పాటు మిషన్‌లో పడిందేమోనని ఆమె అంది.

"ఏంటి, మిషన్ మింగిందా? బాగానే కథలు చెబుతున్నావే!" అన్నారు అమ్మగారు.

"విప్పించి చూద్దాం. ఉంటే సరే, లేకపోతే పోలీసులకు అప్పగిద్దాం" అన్నారు ఇంజినీరుగారు.

అప్పటిదాకా లోపలికి రావద్దని ఆమెను గేటు బయటే ఆపేశారు. ఆమె మూడు రోజులు పొద్దున్నే వచ్చి గేటు బయట బండ మీద కూర్చునేది, పొద్దు వాలితే వెళ్ళిపోయేది. నేను కాగితాల కట్ట చూసుకుంటున్నట్టు నటిస్తూ ఆమె ముందు నుంచే వెళ్ళేవాణ్ణి. నిజం చెప్పాలంటే, నాకూ కొంత అనుమానం ఉండింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ మిషన్ విప్పే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేకపోయింది. నేను మామను తీసుకొచ్చాను. ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఏంది చెల్లె, ఎండల కూసున్నవ్?"

"మిషన్ల చెంచా ఉండాలె అన్నా. లేకుంటే నేను దొంగనైత. నా పిల్లల మొకం ఎట్ల చూడాలె?"

"ఉంటే తీస్త. లేకుంటే లేదనే చెప్త. ఫికర్ చెయ్యకు అని మాత్రం నేను అనలేను."

"జర మెల్లగ చెప్పరాదు మామా" అన్నాను లోపలికి నడుస్తూ. "మెల్లగ చెప్తే చెంచా దొరుకుతదా అల్లుడా?" అన్నాడు.

వంటింట్లో అందరూ చేరారు. ఇంజినీరుగారి తల్లి, పెద్దమ్మగారు, ఒక మూల పీట మీద కూర్చుని జపమాల తిప్పుతున్నారు. మామ గజం బద్ద ఆనించి, మీట నొక్కమని చెయ్యి ఊపాడు. మూడుసార్లు విన్నాడు.

"చెంచా గాదు సాబ్. చెంచా అయితే ఒక్క తీరుగ కొట్టుకుంటది. గివి చిన్నయ్, మస్తు ఉన్నయ్."

కరెంటు తీయించి, మిషన్ విప్పి, లోపల చెయ్యి పెట్టి గుప్పెడు చింతగింజలు బయటికి తీశాడు. నిగనిగలాడుతున్నాయి. చెంచా లేదు. అమ్మగారు నా వైపు చూశారు. ఇంజినీరుగారు పోలీసు జవానును పిలవమన్నారు.

మామ మాత్రం లేవలేదు. వేలితో మిషన్ లోపలంతా తడిమాడు, వేలు వాసన చూశాడు.

"సాబ్, మీ మిషన్‌కు ఆకలైతుంది. గందుకే మొత్తుకుంటుంది."

"ఏంటయ్యా నువ్వనేది?"

"ఒక్క బీరకాయ తొక్క లేదు, ఒక్క మెతుకు లేదు. ఒట్టి చింతపండు పిప్పి. ఇంత పెద్ద ఇంట్ల తొక్కలన్నీ ఎటు పోతున్నయ్?"

పెద్దమ్మగారి జపమాల గబగబా తిరగడం మొదలుపెట్టింది. మామ కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. అక్కడ ఆ ఇంటి బర్రె ఉంది. పంజాగుట్టలో అంత నున్నగా బలిసిన బర్రె మరొకటి లేదు.

చివరికి పెద్దమ్మగారే నోరు విప్పారు. "నేనే బర్రెకు పెట్టించానురా అబ్బాయ్. నోరున్న జీవం పెరట్లో ఉండగా తినేదాన్ని నూరి మోరీలో పోస్తారా ఎవరైనా? నువ్వేమో మిషన్ నడిచిందా అని రోజూ అడుగుతావు. పులుపు తింటే బర్రె పాలు విరుగుతాయి కదా, ఆ చింతపండు పిప్పి మిషన్‌కు పడేయమన్నాను. నీకు చెప్పకూడదని ఆ అంట్లు తోమే పిల్లతో ఒట్టు వేయించుకున్నాను."

ఇంజినీరుగారు గోడకు ఆనుకున్నారు. ఊళ్ళోని పెద్దమనుషులందరూ చూసి మెచ్చుకున్నది చింతపండు పిప్పిని. "అయితే మిషన్ పాడు కాలేదా?" అన్నారు నీరసంగా.

"మిషన్‌కు ఏం గాలే. గింజలు ఆపుండ్రి, జర మెతుకులు వెయ్యుండ్రి, సల్లగ నడుస్తది" అంటూనే మామ పెరట్లోకి నడిచాడు.

కొట్టంలో కుడితి గోలెం ఉంది. బియ్యం కడిగిన నీళ్ళు, తవుడు, తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ అందులోనే. అడుగున చిక్కటి మడ్డి. పెద్దమ్మగారికి చూపు ఆనదు, మిగతావాళ్ళు దాని దరిదాపులకు పోరు. తెలిసిన ఒక్క మనిషీ గేటు బయట కూర్చుని ఉంది. మామ చొక్కా చెయ్యి మడుచుకోవడం కూడా మరిచిపోయి భుజం దాకా ముంచాడు. తన తిండిలో చెయ్యి పెట్టినందుకు బర్రె ఆయన వీపును తలతో పొడుస్తోంది. "ఆగు బిడ్డా, నీ సొమ్ము నాకొద్దు" అంటూ అడుగంతా కలియబెట్టాడు. చాలాసేపటికి చెయ్యి బయటికి తీశాడు. చేతిలో చెంచా ఉంది.

అమ్మగారు చెయ్యి చాపారు. మామ ఇవ్వలేదు. ఇల్లు చుట్టి గేటు వైపు నడిచాడు, మేమంతా వెనకాల. ఎర్రగడ్డక్క లేచి నిలబడింది. మామ చెంచా ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే ఇయ్యి చెల్లె."

మూడు రోజుల తర్వాత ఆమె ఆ గేటు దాటింది. తల ఎత్తుకుని వెళ్ళి అమ్మగారికి ఇచ్చింది. "కడిగి తీస్కోండ్రి అమ్మా, కుడితిది" అంది. అంతవరకూ గట్టిగానే ఉంది. అమ్మగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నన్ను క్షమించు" అన్నారు. అప్పుడు అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. కుడితి మాట ఎత్తలేక మిషన్ పేరు చెప్పింది గానీ, ఆమె ఒట్టు తప్పలేదు, దొంగ కూడా కాలేదు. నేను చెయ్యాల్సిన పని మామ చేశాడని ఆ క్షణాన నాకు అర్థమైంది. ఆయన్ని నేను ఎంత ప్రేమించానో ఆయనకు ఏనాడూ చెప్పలేదు.

ఏమంటాడోనని మామ వైపు చూశాను. ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి నిండా మిషన్ నూనె, మరో చెయ్యి నుంచి కుడితి కారుతోంది. తుడుచుకోవడానికి ఏ చెయ్యీ పనికిరాక, మెడ వంచి ఒకసారి ఈ భుజానికి, ఒకసారి ఆ భుజానికి కళ్ళు ఒత్తుకుంటున్నాడు.