గోడకెక్కిన ఖాతా నంబర్లు

ఎల్లారెడ్డిలోని ఆ సర్కారు దఫ్తరు పేరు చెప్పను. చెబితే దానికీ ఒక పరువుందని ఒప్పుకున్నట్టవుతుంది. దాని గేటు పక్కన పదకొండేళ్లుగా జొన్నరొట్టెలు అమ్ముతున్నాను. లోపలికి పోయే బూట్లూ, బయటికి వచ్చే బొజ్జలూ అన్నీ నాకు తెలుసు. వాటి నడుమ మనిషి అనదగ్గది ఒక్క పార్వతిబాయి.

నాగిరెడ్డిపేట దగ్గరి తండా ఆమెది. మొగుడు రూప్‌సింగ్ కౌలుకు వరి వేస్తాడు. ఆమె పొద్దున మొదటి బస్సుకు వచ్చి, సార్లు వచ్చేలోపల పద్నాలుగు గదులు ఊడ్చి తుడుస్తుంది. సార్లు వచ్చాక ఆ గదుల్లో ఏ పని జరుగుతుందో నేను ఇంతవరకు చూడలేదు.

ఇదివరకు ఊడ్చేవాళ్ల, కావలివాళ్ల జీతాలను పర్శరాములు అనే గుమాస్తా చూసేవాడు. నోరు చెడ్డది, పాన్ ఎక్కడ ఉమ్మాలో తెలియదు. కానీ వీళ్ల కాగితాలున్న బీరువా తాళంచెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. అతను రిటైరయ్యాక ఆ పని పెద్ద సార్లకు బరువైంది. ఇరవై ఆరుగురికి జీతాలు వేయడం చేతగాక, ఆ పనిని కామారెడ్డిలోని ఒక ఏజెన్సీ నెత్తిన పెట్టారు.

ఏజెన్సీ తరఫున అరుణ్‌కుమార్ దిగాడు. నల్ల కళ్లద్దాలు, చేతిలో రెండు ఫోన్లు, నెత్తి మాత్రం ఖాళీ. అందరి దగ్గరా ఆధార్, పాసుబుక్కు, ఫోన్ నంబరు, వేలిముద్ర తీసుకున్నాడు. నెల తిరిగేసరికి "జీతం పడ్డదా సారూ" అని అడిగేవాళ్లతో అయ్యగారికి చెవినొప్పి పుట్టింది. ఉపాయం కనిపెట్టాడు. పేరు, ఆధార్, ఖాతా నంబరు, ఫోన్ నంబరు, పడిన జీతం, అన్నీ వరుసగా అచ్చు కొట్టించి గేటు గోడకు అతికించాడు. చూసుకోండి, నన్ను అడగకండి అన్నాడు.

పనివాళ్లు మురిసిపోయారు, ఆ మాట చెప్పక తప్పదు. ఉపాధి పని జాబితాలు పంచాయతీ గోడకు అతికిస్తారు కదా, ఇదీ అలాంటిదే అనుకున్నారు. పేరు మీద వేలు పెట్టి ఫొటోలు కూడా దిగారు. నేను మూడో తరగతితో ఆగినదాన్ని. అయినా బీడీలు చుట్టిన రోజుల్లో నా పీఎఫ్ కాగితాన్ని చీరల అడుగున దాచుకున్నాను.

"తలుపు తీసిపెట్టి దొంగకు దారి జూపిండు వాడు" అన్నాను.

"నీ పేరు లేదని కుళ్లు అవ్వా నీకు" అంది స్వాతి. పార్వతిబాయితో పాటు ఊడ్చే మనిషి, ఇద్దరు పిల్లల తల్లి.

రెండో నెల కాగితం అతికించిన మూడో రోజు స్వాతికి ఫోన్ వచ్చింది. బ్యాంకు నుంచి అన్నాడు. ఆమె పేరు, ఖాతా నంబరు, జీతం తప్పు లేకుండా అప్పజెప్పాడు. ఇన్ని తెలిసినవాడు దొంగ ఎట్లా అవుతాడని, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెప్పింది. అరగంటలో నెల జీతం పోయింది. ఏడుస్తూ లోపలికి పోతే దఫ్తరు పెద్ద దేవేందర్ సారు, "మాకు సంబంధం లేదమ్మా, ఏజెన్సీని అడుగు" అన్నాడు. ఏజెన్సీ బ్యాంకును అడగమంది. బ్యాంకు నువ్వెందుకు చెప్పావంది. ఇంత చదువుకున్నవాళ్లలో ఒక్కడూ గోడ వైపు చూడలేదు.

మర్నాడు నా దగ్గర రొట్టె తింటుంటే పార్వతిబాయి ఫోన్ మోగింది. అవతలివాడు ఆమె వివరాలన్నీ చదివాడు. ఆమె నమిలింది మింగి నెమ్మదిగా అంది: "గివన్నీ సరే గని, మా అత్త పేరు జెప్పు బిడ్డా. గా పేరు గోడ మీద లేదు."

ఫోన్ కట్టయింది. ఆమె చేయి కడుక్కుని లోపలికి పోయి, బకెట్ నీళ్లూ ఇనుప రేకూ తెచ్చింది. కాగితం నానేదాకా నీళ్లు కొట్టి, సున్నం రాలేదాకా గీకింది.

సాయంత్రానికి అరుణ్‌కుమార్ ఊడిపడ్డాడు.

"ఎవలు చింపిండ్రు?"

"నేనే."

"సర్కారు నోటీసు చింపుతవా? రేపటికెల్లి రాకు. నీ అసొంటోళ్లు వందమంది దొరుకుతరు."

పార్వతిబాయి కూతురు అంజలి నర్సింగ్ చదువుతోంది. కౌలు వరి ఆ ఏడు వానకు మునిగింది. ఇంటికి వచ్చేది ఈ జీతం ఒక్కటే. కాళ్లు పట్టుకుంటుందేమోనని నేను భయపడ్డాను. ఆమె అతన్ని దాటి, గొడవ విని బయటికి వచ్చిన దేవేందర్ సారు ముందు నిలబడింది.

"సారూ, గీ గోడ మీదా, ఏజెన్సోళ్లదా?"

"మాదే."

"గోడ కడుగుడు నా పనా, కాదా?"

"పనే. గని..."

"గట్లయితే మీ జీతం కాగితం గూడ అతికియ్యుండ్రి. మీ ఖాతా నంబరు, ఫోన్ నంబరు, ఆధార్. మా పక్కపొంటే. దాన్ని నేను ముడితే అప్పుడు తీసెయ్యుండ్రి."

పనుల మీద వచ్చి వరుసలో నిలబడ్డ జనం పకాలున నవ్వారు. సారు చేయి తనకు తెలియకుండానే జేబులోని ఫోన్‌ను అదిమి పట్టింది. ఆయన నోరు ఎన్నడూ చెప్పని నిజం ఆ చేయి చెప్పింది.

"ఇగ గోడకు పెట్టకు అరుణ్. ఆమెను తీసెయ్యకు" అన్నాడు.

"మరి ఇరవయ్యారు మంది నాకే ఫోన్ జేస్తరు సార్!"

"ఎత్తు బిడ్డా" అన్నాను నేను. "గందుకే గద నీకు కమీషన్."

పనిలోంచి తీయలేకపోయాడు గానీ, వారం లోపల ఆమె డ్యూటీని కామారెడ్డికి మార్చాడు. రెండు బస్సులు మారి పోవాలి. విసిగి తనే మానుకుంటుందని వాడి లెక్క. "ఆడోళ్లకు బస్సు ఫ్రీ అని గూడ తెల్వదు వానికి" అని పార్వతిబాయి నవ్వింది. స్వాతి జీతం మాత్రం తిరిగి రాలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మొన్న జొన్నలకని నేనూ కామారెడ్డి బస్సెక్కాను. కండక్టరమ్మ ఆధార్ చూపమంది. నా పక్కన కూచున్న పార్వతిబాయి కార్డు తీసి, నంబరు మీద బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకుంది.

"వేలు తియ్యి అక్కా."

"మొకం జూడు, ఊరు జూడు. బస్సు ఎక్కెతందుకు గవి చాలవా?"

కండక్టరమ్మ కార్డు చూసింది, ముఖం చూసింది, కదలని ఆ వేలు చూసింది. జీరో టికెట్ చింపి చేతిలో పెట్టి, వెనక సీటుకు పోయింది.